39 హెచ్‌పీనా, 50 హెచ్‌పీనా: డీజిల్ లెక్క ఎకరంలో తేలుతుంది

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నిడమనూరు మండలం. సాగర్ ఎడమ కాలువ కింద తొమ్మిదెకరాల వరి. ఇన్నాళ్లూ కిరాయి ట్రాక్టరుతోనే నెట్టుకొచ్చాం. ఈసారి సొంతంగా కొనాలని ఇంట్లో అందరం ఒక మాట మీదికి వచ్చాం. మా పని అయ్యాక చుట్టుపక్కల మరో అరవై ఎకరాల దాకా కిరాయి దొరుకుతుంది. డీలరు 39 హెచ్‌పీ, 50 హెచ్‌పీ రెండూ చూపించాడు. ధరలో తేడా లక్షా నలభై వేలు. పెద్దది కొంటే డీజిల్ పోయలేక చస్తావని అచ్చంపేట దగ్గర ఉండే మా బావమరిది భయపెడుతున్నాడు. ఆయన 35 హెచ్‌పీ బండి గంటకు మూడు లీటర్లు కూడా తాగదట. బొలెరోలో ఇంజను చిన్నది చేశాక మైలేజీ పెరగలేదా అని ఉదాహరణ కూడా చెబుతున్నాడు. డీలరేమో పెద్ద ఇంజనే చివరికి ఆదా అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? మా పొలంలో కాలువ వైపు రెండెకరాలు ఊబ. ఊళ్లో ఒక పాత 50 హెచ్‌పీ ట్రాక్టరు కూడా అమ్మకానికి ఉంది. మీటరు 2,100 గంటలు చూపిస్తోంది. దాన్ని చూడవచ్చా?
– ఒక రైతు, నిడమనూరు మండలం

సమాధానం: మీ బావమరిది అబద్ధం చెప్పడం లేదు. ఆయన చెబుతున్నది ఆయన నేల సంగతి. అచ్చంపేట వైపు చెలక నేలలు. నాలుగు చినుకులు పడితే పొడిపొడిగా విచ్చుకుంటాయి. పత్తి, వేరుసెనగ, జొన్న వేసేవారికి గొర్రు, గుంటక, విత్తనాల పని తప్ప ఇంజనును ఏడిపించే పని ఏడాదికి ఎన్ని రోజులుంటుంది? అక్కడ 35 హెచ్‌పీ ట్రాక్టరు హాయిగా తిరుగుతుంది, గంటకు మూడు లీటర్ల లోపే తాగుతుంది. ఆ మాట నేనూ నమ్ముతాను. అదే ట్రాక్టరును తెచ్చి నీళ్లు పెట్టిన మీ మడిలో దించి, తిరిగే బ్లేడ్లతో మట్టిని కోసే రోటావేటర్ వెనక తగిలించి గంట నడిపించమనండి. ఆ మూడు లీటర్ల మాట గట్టు మీదే ఆగిపోతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక నాగర్‌కర్నూల్ వైపు చెలకలు వదిలి వరిలోకి దిగిన రైతులున్నారు. పాత చిన్న ట్రాక్టరు దమ్ములో ఎలా చేసిందో వాళ్లనే అడిగి చూడమని మీ బావమరిదికి చెప్పండి.

డీలరు మాట సగం నిజం. మిగతా సగం ఆయన అమ్మకం లెక్క.

అసలు డీజిల్ ఎక్కడికి పోతుందో ఒకసారి చూద్దాం. కరెంటు బిల్లులో యూనిట్ అంటారే, ఆ కొలతలోనే చెబుతాను. లీటరు డీజిల్‌లో దాదాపు పది యూనిట్ల వేడి ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న ట్రాక్టరు ఇంజను, సరైన బరువు మీద నడిచినప్పుడు, వెనక పనిముట్లను తిప్పే ఇరుసు, అంటే పీటీవో దగ్గర మనకు అప్పగించేది ఆ పదిలో మూడు యూనిట్లు, మహా అయితే కాస్త పైన. మిగతా ఏడూ రేడియేటర్ గాలిలోకి, సైలెన్సర్ పొగలోకి, లోపలి రాపిడికి పోతాయి. మరో రకంగా చెప్పాలంటే, ఒక హెచ్‌పీ పని గంట సేపు చేయించుకోవడానికి పావు లీటరుకు కాస్త తక్కువ పడుతుంది. ఇరవై హెచ్‌పీల పని చేయిస్తే గంటకు నాలుగున్నర, ఐదు లీటర్లు. ఈ లెక్క 39 హెచ్‌పీ బండికైనా, 50 హెచ్‌పీ బండికైనా ఇంచుమించు ఒకటే. బానెట్ మీద రాసిన అంకెకు డీజిల్ పోయం. చేయించుకునే పనికి పోస్తాం.

మరి తేడా ఎక్కడ వస్తుంది? ఇంజనుకు తన సొంత ఖర్చు ఒకటుంటుంది. పిస్టన్లు కదలాలి, ఫ్యాను తిరగాలి, హైడ్రాలిక్ పంపు, నీళ్ల పంపు తిరగాలి. మీరు వెనక ఏమీ తగిలించకపోయినా ఆ ఖర్చు తప్పదు. ఇంజను పెద్దదైతే సొంత ఖర్చూ పెద్దదే. ఎంత ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మీద తిప్పితే అంత పెరుగుతుంది. అందుకే 50 హెచ్‌పీ ట్రాక్టరుకు నాలుగు పచ్చిగడ్డి మోపుల ట్రాలీ తగిలించి పూర్తి యాక్సిలరేటర్ మీద ఊళ్లోకి రావడమంటే, ఇద్దరికి టీ కాచడానికి పెళ్లి పొయ్యి వెలిగించినట్టే. అక్కడ చిన్న బండి కచ్చితంగా గెలుస్తుంది, మీ బావమరిది గెలుస్తాడు.

దీనికి రెండో కొస కూడా ఉంది. చిన్న ఇంజనును దాని శక్తి అంచు దాకా తోసి పని చేయిస్తే నల్లపొగ మొదలవుతుంది. ఆ నలుపు సగం కాలి బయటికి పోతున్న మీ డీజిలే. పీటీవో వేగం పడిపోతుంది, రోటావేటర్ బ్లేడ్లు మట్టిని కోయడం మాని కొడుతుంటాయి, ఒకసారి తిరగాల్సిన మడిలో రెండోసారి తిరగాల్సి వస్తుంది. మొత్తం మీద ఇంజను తన శక్తిలో సుమారు అరవై నుంచి ఎనభై శాతం మధ్య పని చేస్తూ, ఓ మోస్తరు ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు లీటరుకు ఎక్కువ పని ఇస్తుంది. మీ ఏడాది పనిలో ఎక్కువ గంటలు ఏ ఇంజను ఆ మధ్యలో ఉంటుందో చూసుకోవాలి.

బొలెరో ఉదాహరణ కూడా చూద్దాం, అది మంచి ఉదాహరణే. పాత బొలెరోలో 2,523 సీసీ ఇంజను, 63 హెచ్‌పీ. 2016లో వచ్చిన పొట్టి రకంలో 1,493 సీసీ, మూడు సిలిండర్లు, 70 హెచ్‌పీ. ఇంజను దాదాపు నలభై శాతం చిన్నదైంది. మరి మైలేజీ ఎంత పెరిగిందని కంపెనీ చెప్పుకొంది? ఐదు శాతం. అందులోనూ ఇంజను కుదించడానికి అసలు కారణం మైలేజీ కాదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉంటే చిన్న కారు కింద పన్ను తక్కువ. ఆ కొలతల్లో ఇమడడం కోసం బండి ముందు భాగాన్నీ, ఇంజనునూ కత్తిరించారు. పైగా రోడ్డు మీద కారు ఎక్కువ సేపు తన శక్తిలో నాలుగో వంతు కూడా వాడదు కాబట్టి చిన్న ఇంజను వల్ల అక్కడ కొంత మేలు. మడిలో ట్రాక్టరు అలా కాదు, గంటల తరబడి సగం, ఆపైన శక్తి వాడుతుంది. కారు సామెత పొలానికి అతకదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. కాగితం తీసుకోండి. ఈ అంకెలు మీ మడిలో కొంచెం అటూ ఇటూ అవుతాయి, లెక్క వరస మాత్రం మారదు. 39 హెచ్‌పీకి ఐదడుగుల రోటావేటర్ సరిపోతుంది. మలుపులు, గట్లు పోను గంటకు ఎకరంలో 0.85 వంతు తిరుగుతుందనుకుందాం, నాలుగున్నర లీటర్లు తాగుతుందనుకుందాం. అంటే ఎకరానికి 5.3 లీటర్లు. 50 హెచ్‌పీకి ఆరడుగులది తగిలిస్తారు. గంటకు ఆరు లీటర్లు తాగి 1.15 ఎకరాలు చేస్తుంది. ఎకరానికి 5.2. గంట లెక్కన చూస్తే పెద్ద బండి మూడో వంతు ఎక్కువ తాగినట్టు కనిపిస్తుంది. ఎకరం లెక్కన చూస్తే అరగ్లాసు తేడా కూడా లేదు. మీ బావమరిది గంట చూశాడు, డీలరు ఎకరం చూశాడు. ఇద్దరూ ఒకే ట్యాంకు గురించి మాట్లాడుకుంటున్నారు!

ఇక్కడే మీరు నాకు రాయని సంగతి ఒకటుంది. మీ ఊళ్లో కిరాయి గంటకు కుదుర్చుకుంటారా, ఎకరానికా? గంటకైతే, చిన్న బండికీ పెద్ద బండికీ అదే రేటు ఇచ్చే ఊరైతే, పెద్ద బండి డీజిల్ మీ జేబులోంచే పోతుంది, త్వరగా అయిన పని లాభం ఎదుటి రైతుకు పోతుంది. ఎకరానికైతే ఆ లాభం మీదే. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు, ఇంజను సైజు కంటే ఎక్కువ డబ్బు మారుస్తుంది.

డీలరు చెప్పిన ఆదా కూడా తూకం వేద్దాం. మీవి తొమ్మిది, కిరాయివి అరవై, మొత్తం 69 ఎకరాలు. వానాకాలం, యాసంగి కలిపి 138. ఎకరానికి రెండు సార్లు తిప్పితే పదిన్నర లీటర్లు, ఏడాదికి దాదాపు 1,450 లీటర్లు. పెద్ద ఇంజను నిజంగా ఐదు శాతం ఆదా చేసిందనే ఒప్పుకుందాం. 72 లీటర్లు. లెక్క సులువు కోసం లీటరు వంద రూపాయలు వేసుకుంటే 7,200. మీరు అదనంగా పెట్టే లక్షా నలభై వేలు బ్యాంకు అప్పే అయితే, పది శాతం వడ్డీ వేసుకున్నా మొదటి ఏడాది 14,000. డీజిల్ మిగిలించడం కోసం పెద్ద ఇంజను కొనే రైతు ఒక చేత్తో మిగిల్చింది రెండో చేత్తో రెట్టింపు కడతాడు.

అయితే పెద్ద బండిలో లాభమే లేదా? ఉంది, అది రోజుల్లో ఉంది. 69 ఎకరాలు రెండు సార్లు తిప్పడానికి చిన్న బండికి 162 గంటలు, పెద్ద బండికి 120. రోజుకు పది గంటలు నడిపితే నాలుగు రోజుల తేడా. కాలువకు నీళ్లు వదిలిన వారంలో మీ వైపు ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. అందరికీ ఒకేసారి దమ్ము కావాలి, నారు ముదిరిపోతుంటుంది, నాట్లకు కూలీలను ముందే మాట్లాడుకుని ఉంటారు, ఫోను ఆగదు. ఆ నాలుగు రోజుల్లో మరో ఇరవై ఎకరాల పైన దొరికే మాట నిజమైతే పెద్ద బండి తన వడ్డీ తానే కట్టుకుంటుంది. దొరక్కపోతే ఆ నాలుగు రోజులూ చెట్టు కింద నిలబడి ఉంటుంది.

ఇక ఊబ సంగతి. మీరు ఉత్తరం చివర్లో ఒక వాక్యంలో రాశారు గానీ నా దృష్టిలో నిర్ణయం తేల్చేది అదే. 39 హెచ్‌పీ ట్రాక్టర్లు ఇంచుమించు 1,800 కిలోలు, 50 హెచ్‌పీవి రెండు టన్నులు దాటతాయి. గట్టి నేలలో ఆ బరువు పట్టు ఇస్తుంది. ఊబలో అదే బరువు ముంచుతుంది. ఇరుసు దాకా దిగబడిన బండిని ఇంకో రెండు బండ్లతో లాగించిన రోజు ఎన్ని లీటర్లు పోతాయో ఎవరూ లెక్క రాయరు. లాగడానికి వచ్చినవాళ్లకు పోయించిన డీజిల్ కూడా మీదే కదా.

50 దగ్గర ఇంకో మెలిక ఉంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటికి కంప్యూటరుతో నడిచే కామన్ రైల్ ఇంజన్లు పెట్టాల్సి వచ్చింది. ఆ లోపు వాటిలో చాలావరకు అప్పుడు పాత తరహా మెకానికల్ పంపే కొనసాగింది. కచ్చితంగా చెప్పాలంటే గీత 37 కిలోవాట్ల దగ్గర, అంటే 49.6 హెచ్‌పీ. అందుకే కొన్ని ట్రాక్టర్ల మీద 49, 49.5 లాంటి వింత అంకెలు చూస్తుంటాం. డీలరు నోటితో యాభై అన్నది కాగితం మీద ఎంతో చూడండి. కామన్ రైల్ చెడ్డదేమీ కాదు, డీజిల్ లెక్కలో నిజానికి మంచిది. కానీ ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చి, చెత్త పడ్డ గరాటాతో పోసే మన అలవాటును అది క్షమించదు. దాని ఇంజెక్టర్లు బాగు చేసేవాళ్లు మీ మండలంలో ఉన్నారా అని కనుక్కోకుండా ఆ గీత దాటకండి.

ఇన్ని చెప్పాక నా మాట ఇది: ఆ రెండూ పక్కన పెట్టి 42 నుంచి 45 హెచ్‌పీ మధ్య, మూడు సిలిండర్ల బండి చూడండి. ఐదున్నర అడుగుల రోటావేటర్ తగిలించండి. గంటకు ఎకరం దగ్గర పని ఇస్తుంది, బరువు మధ్యస్థంగా ఉంటుంది, ట్రాలీ రోజుల్లో 50 అంత వృథా చేయదు. చేతిలో ఇంకా డబ్బుంటే హెచ్‌పీ పెంచకుండా నాలుగు చక్రాలూ లాగే రకానికి పెట్టండి. మీ ఊబకు పది హెచ్‌పీల కంటే ముందు చక్రాల లాగుడు ఎక్కువ ఉపయోగం. కిరాయి మాట వట్టిదైతే, తొమ్మిదెకరాలకే పరిమితమయ్యేట్టయితే 39 చాలు, రెండో ఆలోచన వద్దు. ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. డీలరు ఇచ్చిన ధర కాగితంలో ఏ శాతం వేశాడో చూసుకోండి.

రోటావేటర్ గురించి గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, త్రిపురారం దగ్గర ఒకసారి నేను కళ్లారా చూశాను. 39 హెచ్‌పీ కొత్త బండి, వెనక ఆరడుగుల రోటావేటర్. బండితో పాటు తక్కువ ధరకు ఇచ్చారని తీసుకున్నాడట. రైతు నన్ను పొలానికి తీసుకెళ్లి, 'ఇది డీజిల్ తాగడం లేదు, స్నానం చేస్తోంది' అన్నాడు. అట్టడుగు గేరులో, పూర్తి యాక్సిలరేటర్ మీద మూలుగుతోంది. సైలెన్సర్ మీద కప్పిన డబ్బా లోపలి వైపు వేలు పెడితే మసి అంటుకుంది. ఎకరానికి ఏడు లీటర్ల పైన పడుతోంది. మేము ఇంజనును ముట్టుకోలేదు. పక్క ఊళ్లో ఐదడుగుల రోటావేటర్ అడిగి తెచ్చి అదే మడికి పక్క మడిలో తిప్పాం. గేరు ఒకటి పెరిగింది, పొగలో నలుపు పోయింది, ఐదు లీటర్ల చిల్లరలో అయిపోయింది. ఆయన ఆరడుగులది అమ్మేశాడు. కొన్నది మాత్రం 50 హెచ్‌పీ ఉన్న వాళ్ల అన్నే, అదే ఇంట్లో.

కొన్నాక ఎలా నడుపుతారన్నది ఏ బండి కొన్నారన్న దానికంటే పెద్ద విషయం. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరగడానికి ఇంజను ఎంత ఆర్‌పీఎం మీద ఉండాలో మీటరు మీదే గుర్తు ఉంటుంది. చాలామంది ఆ గుర్తు దాటించి, చెవులు హోరెత్తేలా తిప్పుతారు. ఎక్కువ మోత వస్తే ఎక్కువ పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది, పాపం. కొన్ని రకాల్లో తక్కువ ఆర్‌పీఎం మీదే 540 ఇచ్చే ఎకానమీ పీటీవో ఉంటుంది. తేలిక పనులకు అది వాడండి. గొర్రు, ట్రాలీ లాంటి పనులకు ఒక గేరు పైకి వేసి, యాక్సిలరేటర్ తగ్గించి అదే వేగంతో నడపండి. సగం బరువు పనుల్లో పావు వంతు దాకా డీజిల్ మిగిలే సందర్భాలున్నాయి. హద్దు తెలుసుకోవడం సులువు. యాక్సిలరేటర్ కాస్త పెంచి చూడండి. వెంటనే వేగం అందుకుంటే గేరు సరైనదే. అందుకోకుండా నల్లపొగ వదిలితే ఒక గేరు దించండి.

సద్ది తినేటప్పుడు, గట్టు మీద మాటలు పెట్టుకున్నప్పుడు ఇంజను ఆపండి. ఊరికే తిరిగినా గంటకు లీటరుకు అటూ ఇటూగా పోతుంది. బ్యాటరీ బలహీనమై మళ్లీ స్టార్టు కాదన్న భయంతో రోజంతా ఆపకుండా నడిపేవారున్నారు. కొత్త బ్యాటరీ ఖర్చు వాళ్లు ఒక సీజనులోనే పొగ రూపంలో కట్టేస్తారు. ఇంజను వేడెక్కుతోందని, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను పీకి పారేసే మెకానిక్‌లను దగ్గరికి రానీయకండి. ఇంజను ఎప్పుడూ చల్లగా ఉంటే డీజిల్ సరిగ్గా కాలదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వేడెక్కడానికి కారణం నూటికి తొంభై పాళ్లు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పొట్టు, బురదే. ఇంజనులోకి డీజిల్ ఎక్కువ పోయేలా పంపు 'పెంచి' ఇస్తామనే వాళ్ల సంగతి కూడా అంతే. నేనూ కుర్రతనంలో ఒకసారి పెంచించుకున్నాను. నెల రోజులు ఊరంతా మెచ్చుకున్నారు, రెండో నెల పిస్టన్ కోసం విప్పాను.

మెట్ట పనిలో చక్రం జారుడు కూడా కొలవండి. వెనక టైరు పక్కన సుద్దతో గీత పెట్టి, వెనక పనిముట్టు పైకెత్తి చక్రం పది చుట్లు తిరిగేంత దూరం నడిపి ఆ దూరం కొలవండి. మళ్లీ పనిముట్టు దించి దున్నుతూ పది చుట్లు. రెండో దూరం పది, పదిహేను శాతం తగ్గితే మామూలే. పాతిక శాతం తగ్గిందంటే ప్రతి నాలుగో లీటరూ చక్రం కింద మట్టిని కొరకడానికే పోతోంది. టైరు అరిగిందో, బరువు చాలలేదో, గొర్రు మరీ లోతుకు దిగిందో చూసుకోవాలి. దమ్ములో ఇనుప చక్రాలతో జారుడు ఇంకా ఎక్కువే ఉంటుంది, అక్కడ ఈ లెక్క పెట్టకండి.

కొనేముందు డీలరును రెండు అడగండి. మొదటిది, ఆ రకానికి మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రం ఇచ్చిన పరీక్ష నివేదిక. ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అందులో పూర్తి శక్తి దగ్గర ఎంత తాగిందన్న వరసే అందరూ చూస్తారు. మీరు సగం బరువు దగ్గర, మూడొంతుల బరువు దగ్గర ఎంత తాగిందో చూడండి, మీ ఏడాది అక్కడే గడుస్తుంది. తడి దమ్ము పరీక్ష అంకెలు ఉంటే అవీ చూడండి. హెక్టారుకు ఇచ్చిన లీటర్లను 2.47తో భాగిస్తే ఎకరం లెక్క వస్తుంది. రెండోది, మీ మడిలో ఒక గంట డెమో. ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ట్యాంకు మూతి అంచు దాకా డీజిల్ నింపండి. నురగ దిగేదాకా ఆగి మళ్లీ అంచు దాకా పోయండి. కొలిచిన ఒక ఎకరం తిప్పించి, అదే చోట, అదే వైపు ముఖం పెట్టి నిలిపి, లీటరు కొలపాత్రతో పోస్తూ మళ్లీ అంచు తాకేదాకా లెక్కపెట్టండి. ట్రాక్టరు కాస్త వాలుగా నిలిపినా అర లీటరు తప్పు వస్తుంది. డీలరు వంకలు చెబితే వేరే డీలరును చూసుకోండి, మిర్యాలగూడలో వాళ్లకు కొదవ లేదు.

ఇక ఆ పాత బండి. పాతవైతే ఊబలో దిగబడినా, గీత పడినా మనసు చివుక్కుమనదు, అది ఒక సుఖం. కానీ గంటల మీటరును నమ్మి బేరం ఆడకండి. పాత మెకానికల్ మీటర్లు ఇంజను ఆర్‌పీఎంను బట్టి తిరుగుతాయి. నిర్ణీత ఆర్‌పీఎం మీద ఉంటేనే గంటకు గంట చూపిస్తాయి. నెమ్మదిగా నడిపిన గంట అందులో నలభై నిమిషాలే అవుతుంది. అసలు కేబుల్ తెగి రెండేళ్లు ఆగిపోయిన మీటర్లు కూడా ఉంటాయి. పొద్దున్నే, వాళ్లు స్టార్టు చేయకముందే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లని ఇంజను ఎన్ని తిప్పులకు అందుకుంటుందో, మొదటి పొగ నీలంగా ఉందో తెల్లగా ఉందో గమనించండి. వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే వదులుగా ఉంచండి. నిదానంగా ఊగితే పరవాలేదు, ఎగిరి పడితే రింగులు పోయినట్టే. ఆ ఇంజను ఎంత పెద్దదైనా, చిన్నదైనా డీజిల్ తాగుతుంది, ఆయిల్ కూడా తాగుతుంది. చివరగా వంగి క్లచ్ పెడల్ చూడండి. 2,100 గంటల బండికి పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా కనిపించాలి. రబ్బరు నున్నబడి అంచులో ఇనుము మెరుస్తోందంటే ఆ మీటరు ఎప్పుడో ఆగిపోయింది.